నయాగరాకు అమెరికా వైపు వెళ్లాలా, కెనడా వైపా?

మిర్యాలగూడ నుంచి రాసిన అన్నగారూ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకు కూడా తెలియాలి కాబట్టి సంగతి ముందు క్లుప్తంగా చెప్తాను. వచ్చే జూన్‌లో మీరూ వదినా న్యూజెర్సీలో ఉన్న అబ్బాయి దగ్గరికి వెళ్తున్నారు, మూడు నెలలు ఉంటారు. అమెరికా విజిటర్ వీసా వచ్చేసింది. నయాగరా చూడాలని వదినకు ఎన్నాళ్ల నుంచో కోరిక. అబ్బాయేమో అమెరికా వైపు చూస్తే చాలు అంటున్నాడు. నిరుడు వెళ్లొచ్చిన మీ వియ్యంకులేమో "అసలు నయాగరా కెనడా వైపే, అమెరికా వైపు చూసినా చూడనట్టే" అని తేల్చి చెప్పారు. వదినకు మోకాళ్ల నొప్పులు. అబ్బాయిది హెచ్ వన్ బీ ఉద్యోగ వీసా, పాస్‌పోర్టులో దాని స్టాంపింగ్ గడువు అయిపోయింది. ఇప్పుడు కెనడా వీసాకు కూడా పెట్టుకోవాలా, అంత ఖర్చు, అంత టెన్షన్ అవసరమా అన్నది మీ ప్రశ్న.

ఈసారికి అమెరికా వైపే వెళ్లండి. కెనడా వీసా జోలికి పోవద్దు. మొహమాటానికి చెప్తున్న మాట కాదు, నేను రెండు వైపులా చూసి చెప్తున్నాను. 2015లో అమెరికా వైపు, 2023లో మా అమ్మాయికి గ్రీన్ కార్డు వచ్చాక కెనడా వైపు చూశాం.

మొదటిసారి నాకు జరిగింది చెప్తాను, ఎందుకంటే అదే మీకు జరగకూడదని నా ఆరాటం. నల్లగొండలో బయల్దేరే ముందే మాకూ ఇదే మాట చెప్పారు, కెనడా వైపు అయితేనే అందం అని. ఆ మాట చెవిలో పెట్టుకుని పోయాను. ప్రాస్పెక్ట్ పాయింట్ అనే చోట రెయిలింగ్ పట్టుకుని నిలబడితే పక్కనే అంత నీరు దూకుతుంటే, నేను మాత్రం లోయ అవతల కనిపిస్తున్న కెనడా హోటళ్ల వైపే చూస్తూ, అయ్యో అక్కడ ఉండాల్సిందే, అక్కడి నుంచి ఎంత బాగుంటుందో అని అర్ధగంట అట్లాగే గడిపాను. మా ఆయన చెయ్యి పట్టుకుని గోట్ ఐలాండ్ అనే దీవి మీదికి తీసుకెళ్లి, టెర్రాపిన్ పాయింట్ దగ్గర రాతి అంచున నిలబెట్టి "కిందికి కాదు, నీ పక్కకు చూడు" అన్నారు. నాలుగడుగుల దూరంలో నీళ్లు. ఆకుపచ్చగా, మందపాటి సీసాముక్క లాగా నున్నగా వస్తున్నాయి, అంచు దగ్గర విరగకుండా ఒంగుతున్నాయి, ఒంగిన తర్వాత ఒక్కసారిగా తెల్లబడి కనపడకుండా పోతున్నాయి. ఆ ఒంపు దగ్గర చూపు నిలబెడితే కాళ్ల కింద నేల కూడా అటే జరుగుతున్నట్టు అనిపించి వెనక్కి జరిగాను. ఆ జాగా అమెరికా వైపుది. వియ్యంకులు చెప్పే "చూసినా చూడనట్టే" అన్న వైపుది.

ఆ మాట ఎందుకు పుట్టిందో కూడా చెప్పాలి, వాళ్లు అబద్ధం ఆడలేదు. నయాగరా అంటే ఒక్క జలపాతం కాదు, మూడు. పెద్దది గుర్రపు నాడా ఆకారంలో ఉండే హార్స్‌షూ, దాని పక్కన అమెరికన్ ఫాల్స్, దానికి ఆనుకుని సన్నగా బ్రైడల్ వీల్. నదిలో వచ్చే నీళ్లలో దాదాపు 90 శాతం హార్స్‌షూ మీది నుంచే పడతాయి, దాని ఎత్తు 57 మీటర్ల దాకా ఉంటుంది. సరిహద్దు గీత ఆ హార్స్‌షూ గుండానే పోతుంది, ఎక్కువ భాగం కెనడాది. రెండు దేశాలూ నదికి చెరో ఒడ్డున ఉన్నాయి, కానీ జలపాతాల మొహం మాత్రం కెనడా ఒడ్డు వైపు తిరిగి ఉంది. అందుకే ఆ ఒడ్డున నిలబడితే మూడూ ఒక్క చూపులో ఎదురుగా కనిపిస్తాయి. అమెరికా ఒడ్డున మనం జలపాతం పక్కన, నెత్తిన ఉంటాం, ముందు ఉండం. పైగా అమెరికన్ ఫాల్స్ కింద పెద్ద పెద్ద బండల గుట్ట ఉంటుంది, నీరు నేరుగా నదిలో పడకుండా ఆ బండల మీద పడి చెదిరిపోతుంది. ఆ బండలు తీసేయొచ్చా అని చూడటానికి 1969లో జూన్ నుంచి నవంబర్ దాకా అమెరికన్ ఫాల్స్‌కు నీళ్లు ఆపేసి ఎండగట్టారు కూడా, తర్వాత వాటి జోలికి పోవద్దని అట్లాగే వదిలేశారు.

సాగర్ గేట్లు ఎత్తినప్పుడు మనం ఎట్లా చూస్తామో గుర్తు తెచ్చుకోండి. డ్యామ్ కింది బ్రిడ్జి మీద నిలబడితే గేట్లన్నీ ఒక వరుసన ఎదురుగా కనపడతాయి, ఫోటో అక్కడి నుంచే తీస్తారు. అదే దగ్గరికి పోతే మొత్తం కనపడదు, కానీ హోరు పొట్టలో వినపడుతుంది, బట్టలు తడుస్తాయి. కెనడా వైపు ఆ బ్రిడ్జి లాంటిది, అమెరికా వైపు ఆ దగ్గరితనం. నేనైతే చూడటానికి కెనడా, తడవడానికి అమెరికా అంటాను. నీళ్ల పిచ్చి ఉన్న మనిషి ఎవరైనా (ఎత్తిపోతల వ్యూ పాయింట్ దగ్గర ఎంతసేపు నిలబడ్డా దగ్గరికి పోనివ్వరని వదిన బాధపడేదని రాశారు కదా) అమెరికా వైపు పోతే తృప్తిగా తిరిగొస్తారు.

క్యూసెక్కుల లెక్క కూడా చెప్తాను, నల్లగొండ జిల్లా వాళ్లకు ఆ లెక్కలో చెప్తేనే నీళ్లు అర్థమవుతాయి. నయాగరా నదిలో సగటున రెండు లక్షల క్యూసెక్కుల దాకా వస్తుంది. అందులో అంతా జలపాతం మీది నుంచి పడదు, పైనే సొరంగాల్లోకి మళ్లించి రెండు దేశాలూ కరెంటు తీసుకుంటాయి. 1950లో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఎండాకాలం పగటిపూట, జనం చూసే గంటల్లో, లక్ష క్యూసెక్కులకు తగ్గకుండా జలపాతానికి వదలాలి. రాత్రిళ్లూ, చలికాలంలోనూ యాభై వేలు వదిలితే చాలు. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున 8 నుంచి రాత్రి 10 వరకు ఆ లక్ష కచ్చితంగా ఉంటుంది, మీరు వెళ్లే నెలలు అవే. సాగర్‌కు పెద్ద వరద వస్తే రెండు మూడు లక్షలు కూడా కిందికి వదలడం చూశాం, అట్లా చూస్తే లక్ష మనకు కొత్త కాదు. కానీ మనకు అది ఏడాదిలో కొన్ని రోజులే, అక్కడ రోజూ. 2023 నవంబరు చివర్లో రెండు తెలుగు రాష్ట్రాల నీళ్ల గొడవలో మన డ్యామ్ మీద సగం గేట్ల దగ్గర ముళ్లకంచె వేసిన రోజులు చూసినదాన్ని కాబట్టి, రెండు దేశాలు డెబ్బై ఏళ్లుగా గంటల లెక్కన నీళ్లు పంచుకుంటున్నాయని అక్కడ విన్న మాట ఇప్పుడు తలుచుకుంటే నాకు కళ్లు చెమరుస్తాయి.

సరే, మీ కాగితాల సంగతికి వద్దాం.

అమెరికా వీసా ఉంటే కెనడాకు వెళ్లొచ్చు అని చాలామంది అనుకుంటారు. మన భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు కుదరదు, విడిగా కెనడా విజిటర్ వీసా తీసుకోవాల్సిందే. మనిషికి 100 కెనడా డాలర్లు ఫీజు, వేలిముద్రలకు ఇంకో 85. బ్యాంకు కాగితాలు, పెన్షన్ కాగితాలు, అబ్బాయి ఆహ్వానం, అన్నీ పెట్టాలి. వేలిముద్రలకు హైదరాబాద్ పోవాలి. వస్తుందా రాదా అన్నది చేతిలో ఉండదు, ఎన్నాళ్లు పడుతుందో కూడా సీజన్‌ను బట్టి మారిపోతుంది. వీసా మంజూరైతే పాస్‌పోర్టు వాళ్లకు పంపాలి. ప్రయాణం ముందు పాస్‌పోర్టు చేతిలో లేకుండా ఎదురుచూడటం ఎంత కష్టమో నాకు తెలుసు.

మీకంటే అబ్బాయి సంగతే పెద్దది. మీరిద్దరూ వెళ్లి రావడానికి మీ విజిటర్ వీసా మల్టిపుల్ ఎంట్రీ (పలుమార్లు రాగలిగేది) అయితే అడ్డు లేదు. అబ్బాయికి ఒకటి కాదు రెండు చిక్కులు. ఆయనకూ కెనడా వీసా కావాలి, హెచ్ వన్ బీ వాళ్లకు మినహాయింపు లేదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకే ఆ వీసా అక్కర్లేదు. ఇక తిరిగి రావడం. స్టాంపింగ్ గడువు అయిపోయినా ఐ-94 (అమెరికాలో ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పే కాగితం) గడువు ఉంటే, కెనడా వెళ్లి 30 రోజుల లోపు తిరిగి రావడానికి ఒక నియమం ఉంది, నిజమే, చాలామంది దాని మీద వెళ్లొస్తుంటారు కూడా. కానీ దానికి షరతులున్నాయి, అక్కడ ఉండగా కొత్త అమెరికా వీసాకు అప్లై చేస్తే ఆ వెసులుబాటు పోతుంది, కాగితాల్లో ఏదైనా తేడా ఉంటే సరిహద్దు బ్రిడ్జి మీద అధికారి ముందు నిలబడాల్సింది అబ్బాయే. ఆఫీసు లాయరు రాసిచ్చిన మాట లేకుండా ఆ పని చేయకూడదు. అబ్బాయి అమెరికా వైపు చాలు అంటున్నాడంటే బద్ధకంతో అంటున్నాడని అనుకోకండి అన్నగారూ. ఈ టెన్షన్ మీకు చెప్పలేక ఆ ఒక్క మాటతో సరిపెడుతున్నాడని నాకు అనిపిస్తోంది. వియ్యంకుల మాట మళ్లీ మళ్లీ అతని ముందు ఎత్తకండి. ఉద్యోగం మీద బతికే పిల్లవాడు.

వదిన మోకాళ్ల విషయంలో మాత్రం నిజం చెప్పాలి, ఆ ఒక్క విషయంలో కెనడా వైపే సుఖం. నది పొడవునా చదునైన దారి, బెంచీలు, కూర్చున్నచోట కూర్చుని అన్నీ చూడొచ్చు. టేబుల్ రాక్ అనే చోట హార్స్‌షూ అంచుకు ఆనుకుని నిలబడొచ్చు. మా ఆయనకు అప్పటికి నడుం నొప్పి, 2023లో అక్కడ బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నారు, లేవమంటే లేవలేదు. గదిలో నుంచే జలపాతం కనిపించే హోటళ్లు కూడా ఆ వైపే ఉన్నాయి, అద్దె మాత్రం బాగా ఎక్కువ.

అమెరికా వైపు కూడా మోకాళ్లకు భయపడాల్సినంత లేదు, కాస్త తెలివిగా తిరగాలి అంతే. అది స్టేట్ పార్కు, 1885లో మొదలైంది, లోపలికి టికెట్ లేదు, కారు పార్కింగ్‌కు మాత్రం డబ్బులు కట్టాలి. గోట్ ఐలాండ్ మీద పార్కింగ్ ఉంది, కారు అక్కడిదాకా పోతుంది, అక్కడి నుంచి టెర్రాపిన్ పాయింట్ దగ్గరే. పార్కు అంతా తిప్పే ట్రాలీ బండి ఉంటుంది, వదినను అందులో ఎక్కించండి. మెయిడ్ ఆఫ్ ది మిస్ట్ అనే పడవకు అబ్జర్వేషన్ టవర్ లోపలి లిఫ్టులో దిగుతారు, మెట్లు కావు. మన మల్లెల తీర్థం లాగా వందల మెట్లు దిగి, మళ్లీ ఎక్కేటప్పుడు మోకాళ్లు పట్టుకుని ఏడవాల్సిన పని లేదు.

ఆ పడవ ఒక్కటి చాలు అంటాను నేను. ఆ పేరుతో మొదటి పడవ 1846లో వచ్చింది, ఇప్పుడు బ్యాటరీ పడవలు వచ్చాయి, పొగ లేదు, ఇంజను చప్పుడు లేదు. కెనడా వైపు నుంచి కూడా ఇట్లాంటి పడవే వస్తుంది. వాళ్లకు ఎర్ర రెయిన్‌కోట్లు, మనకు నీలంవి. రెండు పడవలూ పోయేది ఒకటే హార్స్‌షూ లోపలికి, తడిసేది ఒకటే నీళ్లలో. వియ్యంకులు పడవ ఎక్కి ఉంటే మీరు ఎక్కబోయే పడవకూ దానికీ రంగే తేడా అని చెప్పండి. పడవ లోపలికి పోయి ఆగుతుంది, ముందుకు పోదు వెనక్కి రాదు, నీళ్ల తోపుడుకు అట్లాగే వణుకుతూ నిలబడుతుంది. మూడు వైపులా తెల్లటి గోడ. పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. మా ఆయన కళ్లజోడు తుడిచి తుడిచి చివరికి తీసి జేబులో పెట్టుకున్నారు, చుక్కలు ఆగడం లేదు. ప్లాస్టిక్ కోటు మెడకు అంటుకుపోయి, చేతుల్లోంచి నీరు మోచేతుల దాకా కారుతుంటే, ఆ మనిషి చిన్నపిల్లాడిలా నోరు తెరిచి నవ్వడం ముప్పై ఏళ్ల కాపురంలో నేను అదే చూడటం.

కేవ్ ఆఫ్ ది విండ్స్ అని ఇంకోటి ఉంది, అది అమెరికా వైపే ఉంటుంది. లిఫ్టులో కిందికి దిగి చెక్క వంతెనల మీద బ్రైడల్ వీల్ దగ్గరికి నడుస్తాం, పైన చివరి మెట్టు మీద జలపాతం ఇరవై అడుగుల దూరంలో ఉంటుంది, గాలి ఎంత కొడుతుందంటే దానికి హరికేన్ డెక్ అని పేరు పెట్టారు. చలికాలం మంచు బరువుకు విరిగిపోతాయని ఆ చెక్కలన్నీ ఏటా విప్పేసి, ఎండాకాలం ముందు మళ్లీ కడతారు. తడి మెట్లు ఉంటాయి కాబట్టి వదిన కింది వంతెన దగ్గరే ఆగాలి, అక్కడ కూడా బాగానే తడుస్తారు. మీరూ అబ్బాయీ పైకి వెళ్లండి. మధ్యాహ్నం తర్వాత వెళ్తే ఎండ వెనక నుంచి పడి కాళ్ల దగ్గరే ఇంద్రధనుస్సు కనిపిస్తుంది.

ఇప్పుడు రెండు జాగ్రత్తలు, ఇవి మాత్రం అబ్బాయికి చదివి వినిపించండి.

హోటల్ బుక్ చేసేటప్పుడు. నయాగరా ఫాల్స్ అనే పేరుతో రెండు ఊళ్లున్నాయి, ఒకటి న్యూయార్క్ రాష్ట్రంలో, ఇంకోటి కెనడాలోని ఒంటారియోలో. 2015లో మా మరిది కొడుకు ఒక వెబ్‌సైట్‌లో చవగ్గా గది దొరికిందని మా కోసం బుక్ చేశాడు, రాత్రి తొమ్మిదింటికి అక్కడికి చేరాక చూస్తే ఆ హోటల్ నది అవతల ఉంది. డబ్బు తిరిగి ఇవ్వలేదు. ఆ రాత్రి హైవే పక్కన దొరికిన గదిలో పడుకున్నాం. అడ్రసులో న్యూయార్క్ అని ఉందో లేదో చూసుకుని కట్టండి.

ఇంకోటి ఫోన్‌లో దారి. ఊరి పేరు మాత్రమే కొడితే ఒక్కోసారి కెనడాకు దాటే రెయిన్‌బో బ్రిడ్జి వైపు తీసుకెళ్తుంది. ఆ వంతెన లైన్లోకి కారు దూరిందంటే మధ్యలో తిప్పుకోవడానికి ఉండదు, కెనడా అధికారి దగ్గరిదాకా పోయి, వీసా లేదని చెప్పి, మళ్లీ అమెరికా అధికారి దగ్గరికి రావాలి. మీ అబ్బాయి కాగితాలున్న పరిస్థితిలో ఆ తంటా వద్దే వద్దు. గోట్ ఐలాండ్ పార్కింగ్ అడ్రసు పెట్టుకుని, బ్రిడ్జి బోర్డు కనపడితే ముందే పక్కకు తిరగమని చెప్పండి.

న్యూజెర్సీ నుంచి 400 మైళ్లు, కారులో ఏడు గంటలు అనుకోండి. మనం నల్లగొండ నుంచి తిరుపతి పోయే దూరం కన్నా ఎక్కువే. ఒక్క రోజులో వెళ్లి రావాలనే టూరు బస్సులు ఎక్కకండి, అక్కడ రెండు మూడు గంటలు ఇచ్చి ఎక్కమంటారు, వదిన మోకాళ్లతో పరుగెత్తాలి. ఒక రాత్రి తప్పకుండా ఉండండి. రాత్రిపూట జలపాతాల మీద రంగు లైట్లు వేస్తారు, అమెరికా వైపు నుంచి కూడా కనిపిస్తాయి. పొద్దున్నే జనం రాకముందు మళ్లీ ఒకసారి వెళ్లండి, తూర్పు ఎండలో అటువైపు తుంపర మీద ఇంద్రధనుస్సు పడుతుంది. తిండికి ఇబ్బంది లేదు, పార్కు దగ్గర్లోనే ఇండియన్ హోటళ్లు ఉన్నాయి, అయినా కోడలితో పులిహోర చేయించుకుని పోతే దారిలో పనికొస్తుంది.

కెనడా ఎప్పుడు వెళ్లాలో కూడా చెప్పి ముగిస్తాను. అబ్బాయికి గ్రీన్ కార్డు వచ్చిన తర్వాత, లేదా టొరంటోలో చుట్టాలు ఎవరైనా ఉండి ఎట్లాగూ అటు వెళ్లాల్సి వస్తే, అప్పుడు వీసా తీసుకుని నేరుగా అక్కడికే వెళ్లి ఒక రాత్రి ఉండండి. టొరంటో నుంచి గంటన్నర, రెండు గంటల దారి. ట్రావెల్ ఇన్సూరెన్సు అమెరికాకు తీసుకున్నది కెనడాలో పనిచేస్తుందో లేదో ఆ రోజు అడిగి తెలుసుకోండి.

వదినకు ఒక జత అదనపు సాక్సులు, గట్టి పట్టు ఉన్న చెప్పులు, ఫోనుకు ప్లాస్టిక్ కవరు పెట్టుకోండి, చీర కాకుండా చుడీదార్ వేసుకోమనండి, తడిసిన చీరతో లిఫ్టు దాకా నడవడం కష్టం. పడవ ఎక్కగానే ఎడమ వైపు రెయిలింగ్ పట్టుకోవాలి, అమెరికన్ ఫాల్స్ ముందు అటే వస్తుంది. పై అంతస్తుకు మెట్లున్నాయి, వదినను కింది అంతస్తులోనే నిలబెట్టి మీరు ఆమె వెనక నిలబడండి.